కనబడని ఉత్తర్వు

2023 జనవరి 17వ తేదీన బి.బి.సి. సంస్థ ‘ఇండియా: ది మోదీ క్వశ్చన్’ అను డాక్యుమెంటరీ మొదటి భాగమును బ్రిటనులో ప్రసారము చేసినది. 2002 నాటి గుజరాతు అల్లర్లలో అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ బాధ్యత యెంత అన్నదే దాని విషయము. అది పక్షపాతముతో కూడిన ప్రచారమని మన విదేశాంగశాఖ 19వ తేదీన ఖండించినది. ఖండించుటకు ప్రభుత్వమునకు సంపూర్ణమైన హక్కున్నది. కాని అంతటితో ఆగలేదు. ఆ చిత్రమును చూపు యూట్యూబు వీడియోలను, వాటి జాడ చెప్పిన ట్విట్టరు సందేశములను తొలగింపుడని ఆ వెంటనే ఉత్తర్వులు పోయినవి. 2021 నాటి సమాచార సాంకేతిక నియమములలోని అత్యవసరాధికారము వాటికి ఆధారమట.

చిత్రము మంచిచెడ్డల తగవులోనికి నేను దిగను. బ్రిటిషు దౌత్యవర్గపు నివేదిక నొకదానికి అంత పెద్దపీట వేయుట నాకును రుచింపలేదు. విచారణకు తగిన సాక్ష్యము లేదన్న ప్రత్యేక దర్యాప్తు బృందపు నివేదికను సుప్రీంకోర్టు 2022 జూన్ 24న సమర్థించినదని ఉపాధ్యాయుడు విద్యార్థులకు చెప్పి తీరవలెను. అయితే చిత్రమును చూడనిదే ఆ చర్చ యెట్లు సాగును?

నా ఆక్షేపణ వేరొకటి. ఆ ఉత్తర్వు ఏది? ప్రభుత్వ సలహాదారు ఒకరు దానిని గూర్చి చెప్పగా విన్నాము. కాగితమును మాత్రము చూడలేదు. ఇట్టి నిరోధములను గోప్యముగా ఉంచవలెనని 2009 నాటి నియమమున్నది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమములను నిలబెట్టుచు, కారణములను వ్రాతపూర్వకముగా ఉంచవలెననియు, అప్పుడే వాటిని కోర్టులో సవాలు చేయవచ్చుననియు చెప్పినది. వ్రాసిన కారణము బీరువాలో ఉన్నచో సవాలు చేయువాడు దేనిని పట్టుకొని నిలువవలెను?

ఇచ్చట ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ జ్ఞప్తికి వచ్చుచున్నాడు. నాలుగు మహానగరములలోని కలిమిలేములను చూపుచు ఆయన తీసిన చిన్న డాక్యుమెంటరీకి సెన్సారువారు అందరును చూడదగినదన్న సర్టిఫికెట్టు నిరాకరించిరి. ఏ దృశ్యములు తీసివేయవలెనో ఆయనకు తెలియజేసిరి. తెలిసినది గనుకనే ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కెను. విచారణ సాగుచుండగనే ప్రభుత్వము దిగివచ్చి, కోత లేకుండ సర్టిఫికెట్టు నిచ్చెదమన్నది. అయినను ఆయన సెన్సారు పద్ధతినే ప్రశ్నించి, 1970లో ఓడిపోయెను. ఓటమియైనను బహిరంగమైన ఓటమి. ఆ తీర్పును నేటికిని ఎవరైనను చదువవచ్చును.

2023 ఫిబ్రవరి 3న ఎన్. రామ్ ప్రభృతుల పిటిషనుపై సుప్రీంకోర్టు ప్రభుత్వమునకు నోటీసు ఇచ్చి, ఉత్తర్వు తాలూకు అసలు దస్త్రములను తెమ్మన్నది. అది న్యాయమూర్తులు అడుగవలసిన వస్తువైనది!

అంతకు కొద్దిదినములకు ముందే, జనవరి 26న, హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఒక విద్యార్థి సంఘము ఈ డాక్యుమెంటరీని, దానికి పోటీగా మరియొక సంఘము ‘ది కశ్మీర్ ఫైల్స్’ను ప్రదర్శించినవి. రెండింటిని చూచి వచ్చిన విద్యార్థి ఒక్కడైనను ఉండెనా యని నాకు కుతూహలముగా ఉన్నది.