క్యాన్సర్ రోగి చేత జోలె పట్టిస్తున్నదెవరు?

జుమా నమాజు ముగిసి జనం బయటకు వచ్చే వేళ మసీదు గుమ్మంలో ఎవరో ఒక క్యాన్సర్ రోగి కోసం రుమాలు పరచడం మనకు అలవాటైపోయింది. ఇచ్చేవారి మనసును మేము తప్పుపట్టడం లేదు. ప్రభుత్వం తీర్చవలసిన బాకీని సమాజం తన జేబులోనుంచి ఎందుకు తీరుస్తున్నదని ఎవరూ అడగకపోవడమే మాకు బాధ కలిగిస్తున్నది.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అందులో ఉన్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక్కొక్క కుటుంబానికి ఏటా ఇచ్చే పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. కాగితం మీద చూస్తే పేద రోగి చేయి చాచవలసిన అవసరమే లేదు. మరి ఆ రుమాలు ఎందుకు?

మొదటి అడ్డంకి పేరు. ఒకే స్త్రీ ఆధార్‌లో ‘బేగం’, రేషన్ కార్డులో ‘బీ’. భర్త ఒకచోట షేక్, మరొకచోట ఎస్.కె. ఇద్దరూ ఎవరో ఊరంతటికీ తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఇటువంటి చిక్కు ముస్లిములకే పరిమితమని మేము అనము. కానీ ఉర్దూ పేరును తెలుగు చెవితో విని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టే చోట అది మన ఇంటినే వెతుక్కుంటూ వస్తుంది. మీసేవ, తహసీల్దారు కార్యాలయం, మళ్లీ ఆసుపత్రి. ఈ తిరుగుడులో వారాలు గడుస్తాయి. కణితి మాత్రం సవరణ కోసం ఆగదు. బీదర్ నుంచో నాందేడ్ నుంచో కోడలిగా వచ్చిన పిల్ల పేరు అత్తవారింటి కార్డులో ఎక్కకపోతే ఆమె ఏ రాష్ట్రానికీ చెందని రోగి. తెలంగాణలో కొత్త కార్డుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కార్డు సరిగా ఉన్నవారి కష్టం వేరు. జబ్బు ఏమిటో తేలేలోపే బయటి ల్యాబులలో స్కానులకు, బయాప్సీకి ఇంట్లో బంగారం పోతుంది. తీరా చికిత్స మొదలయ్యాక బకాయిలు రాలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేస్తాయి. ప్రభుత్వమూ యాజమాన్యాలూ లెక్కలు తేల్చుకునేదాకా నాలుగో కీమో వాయిదా పడవలసిందేనా? వైద్యం అందించడం రాజ్యం బాధ్యత అని, డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే పశ్చిమ బెంగాల్ కేసులో చెప్పింది. ఆ తీర్పు అత్యవసర చికిత్సకు సంబంధించినదని వాదించేవారు సగంలో ఆగిపోయిన కీమో అత్యవసరం ఎందుకు కాదో చెప్పాలి.

మన ఇళ్లలోనూ ఒక మాట అనుకోవాలి. రొమ్ములో గడ్డ తగిలినా మగ డాక్టరుకు చూపించలేక నెలల తరబడి దాచుకునే తల్లులు ఉన్నారు. ఆ సంకోచాన్ని అజ్ఞానమని వెక్కిరించడం సులభం. మన బస్తీలలో మహిళా సిబ్బందితో పరీక్షా శిబిరాలు పెట్టడం ప్రభుత్వం పని. ఆమెను అక్కడికి తీసుకువెళ్లడం భర్త పని, కొడుకు పని.

మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. చందాకు ముందు కార్డు ఉందా అని అడగండి. తిరస్కరించారంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి, ఆ కాగితంతో సోమవారం కలెక్టరు ముందు నిలబడండి. జకాత్ సొమ్ము రోగి బస్సు ఛార్జీకి, తోడున్నవారి అన్నానికి, పోయిన కూలికి ఖర్చు కానివ్వండి. ప్రభుత్వాన్ని మేము అడిగేది: పేరులో అక్షరం తేడా ఉన్నా చికిత్స ముందు మొదలుపెట్టాలి, సవరణ తరువాత చూసుకోవాలి. రెండు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండవ అధికార భాష. క్యాన్సర్ ఆసుపత్రులలోని ఆరోగ్యమిత్ర కౌంటర్ల వద్ద ఉర్దూ తెలిసిన మనిషి ఒక్కరైనా కూర్చోవాలి.