చికిత్సకు ఐదవ పాదం

చికిత్సకు నాలుగు పాదాలు ఉన్నాయని చరకసంహిత చెబుతుంది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు పాదాలు. ఈ నాలుగూ సద్గుణాలతో కూడి ఉన్నప్పుడే వ్యాధి నయమవుతుందని ఆ గ్రంథం అభిప్రాయం. వైద్యుడే రోగి ఇంటికి వచ్చే కాలంలో ఈ లెక్క సరిపోయింది. ఇప్పుడు రోగే వైద్యుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాలి. కాబట్టి ఆ నాలుగింటికి ప్రయాణమనే ఐదవ పాదాన్ని చేర్చుకోక తప్పదు. ఒంటరిగా జీవిస్తున్న వృద్ధుల విషయంలో కుంటుపడుతున్నది ఈ ఐదవ పాదమే.

చిత్తూరు జిల్లాలోని శాంతిపురం మండలాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటుకు ఇది దగ్గరగా ఉంది. వైద్యుడు ఉండడం నివాసయోగ్యమైన ఊరి లక్షణాలలో ఒకటని సుమతీ శతకకర్త ఎంచాడు. ఆ లెక్కన ఈ ప్రాంతానికి పెద్ద లోటు లేదు. కుప్పంలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఉంది. కుప్పంలో రైలెక్కి కాట్పాడిలో దిగితే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చేరవచ్చు. అదే మార్గంలో రెండో దిక్కున బెంగళూరు ఉంది. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో క్షయరోగులకు 1915లోనే ఆసుపత్రి వెలసింది. వైద్యుడు ఉన్నాడు, ఔషధమూ ఉంది. అయితే పల్లెలో ఒంటరిగా ఉన్న మనిషికీ ఆసుపత్రి గడపకూ మధ్య ఉన్న దూరం మాత్రం తగ్గలేదు.

ఈ దూరాన్ని కిలోమీటర్లతో కొలిస్తే అర్థం కాదు. డెబ్బై ఐదేళ్ళ వితంతువు ఒకామె ఉన్నదనుకుందాం. భర్త లేడు. కొడుకు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. కూతురు అత్తవారింట ఉంది. ఆమెకు మధుమేహం, రక్తపు పోటు, దానికి తోడు మోకాళ్ళ నొప్పి. నెలకొకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డు దాకా నడవలేదు. షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చోలేదు. ప్రత్యేకంగా ఆటోను బాడుగకు మాట్లాడుకుంటే చేతిలోని పింఛను సొమ్ములో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది. పరగడుపున ఇవ్వవలసిన రక్తం కోసం ఉదయమే బయలుదేరాలి. ఫలితం వచ్చేదాకా వేచి ఉండాలి. అంతసేపు ఆటో ఆగదు.

ఇక మిగిలేది ఇరుగుపొరుగు వారిని అడగడం. "నాయనా, రేపు కుప్పం పోతావా? నన్ను కూడా ఆసుపత్రి కాడ దించుతావా?" అని అడిగితే పక్కింటి యువకుడు కాదనడు. "దానికేముంది అవ్వా, ఎక్కు" అంటాడు. మొదటిసారి అడగడం సులభం. నాలుగోసారి అడగవలసి వచ్చినప్పుడు గొంతు పెగలదు. జీవితమంతా ఎవరి వద్దా చేయి చాచని మనిషికి అడగడమే వ్యాధి కన్నా బరువవుతుంది. అప్పుడు ఆమె "ఈ నెలకు బాగానే ఉంది, వచ్చే నెల పోదాం" అని తనకు తానే నచ్చజెప్పుకుంటుంది. ఆ వాయిదా ఎవరి రికార్డులకూ ఎక్కదు.

వాయిదాకు మూల్యం మాత్రం ఉంటుంది. అదుపు తప్పిన రక్తపు పోటు ఒకనాడు పక్షవాతంగా పరిణమించవచ్చు. కాలి మీద మానని పుండు చివరికి కాలినే తీసివేసే స్థితికి తేవచ్చు. అప్పుడు 108కి ఫోను చేస్తే వాహనం ఉచితంగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఎన్నో ప్రాణాలను నిలిపింది. దాని గొప్పతనాన్ని తగ్గించనవసరం లేదు. అయినా ఇందులో ఒక విపరీతం ఉంది. పక్షవాతం వచ్చిన మనిషికి వాహనం ఉంది. పక్షవాతం రాకుండా కాపాడుకోదలచిన మనిషికి వాహనం లేదు. ప్రమాదం ముదిరిన తరువాత మేల్కొనే సమాజం, ముదరక ముందే మేల్కొంటే ఖర్చూ తగ్గుతుంది, దుఃఖమూ తగ్గుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 104 సంచార వాహనాలు గ్రామాలకు వైద్యుణ్ణీ మందులనూ తీసుకుపోయే పద్ధతి ఏర్పడింది. 2020 జులై 1న 108, 104 సేవలకు కలిపి 1,088 కొత్త వాహనాలను రాష్ట్రంలో ప్రారంభించారు. అరవై ఏళ్ళు దాటిన వారికి ఆర్టీసీ బస్సుల్లో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. 2025 జులైలో కుప్పంలో టాటా సంస్థ తోడ్పాటుతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమై, రోగుల వివరాలను ఆసుపత్రులతో అనుసంధానించే ప్రయత్నం సాగింది. ఇవన్నీ మెచ్చదగినవే. అయితే సంచార వాహనంలో స్కానింగు యంత్రం ఉండదు, డయాలసిస్ జరగదు, కంటి శస్త్రచికిత్స చేయరు. ఉచిత బస్సు రోడ్డు మీద ఆగుతుందే గాని ఇంటి ముందు ఆగదు. తెర మీద సమాచారం క్షణంలో ప్రయాణిస్తుంది. శరీరం అలా ప్రయాణించలేదు.

"కన్నబిడ్డలు చూసుకోవాలి గదా!" అనేవారు ఉన్నారు. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ తెలుగువారందరికీ తెలిసినదే. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ అనే మాటలో వైద్యసహాయాన్ని కూడా ఆ చట్టం చేర్చింది. బిడ్డల బాధ్యతను ఎవరూ కాదనలేరు. కాని దినకూలీ మీద బతికే కొడుకు నెలకు రెండుసార్లు పని మానుకుని రావడం ఎంతవరకు సాధ్యం? బిడ్డలే లేనివారి సంగతేమిటి? శ్రవణకుమారుడు లేని ఇంటికి కావడి ఎక్కణ్ణుంచి రావాలి? అదే చట్టంలోని 20వ సెక్షను ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరస ఉండాలంటుంది. ఆ వరస దాకా వారు ఎలా రావాలో చెప్పలేదు.

దారి చూపిన ఉదాహరణలు దగ్గరలోనే ఉన్నాయి. 1900లో వేలూరులో ఒకే ఒక పడకతో వైద్యం ప్రారంభించిన ఐడా స్కడర్, తరువాతి కాలంలో దారి పక్కన చెట్ల నీడలో ఆగి పల్లెజనానికి వైద్యం చేసింది. రోగి రాలేకపోవడం రోగి తప్పు కాదని ఆమె గ్రహించింది. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి మదురైలో స్థాపించిన అరవింద్ కంటి ఆసుపత్రి మరో అడుగు ముందుకు వేసింది. శిబిరంలో శుక్లాలు ఉన్నట్లు తేలిన పేదలను బస్సులో ఆసుపత్రికి తీసుకుపోయి, శస్త్రచికిత్స చేసి, తిరిగి చేర్చడం ఆ సంస్థ పద్ధతి. అక్కడ ప్రయాణం చికిత్సలో అంతర్భాగం. ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రసవించిన తల్లినీ బిడ్డనూ ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనాలు ఏర్పడ్డాయి. ఇంగ్లండులో అత్యవసరం కాకపోయినా, తమంతట తాము రాలేని అర్హులైన రోగులను ప్రభుత్వ ఆరోగ్య సేవ వాహనంలో తీసుకుపోతుంది. లోకంలోకి వచ్చే ప్రాణికి వాహనం సమకూర్చిన సమాజం, లోకానికి తన శ్రమనంతా ధారపోసిన ప్రాణికి సమకూర్చలేదా?

దీనికి పెద్ద పథకం అక్కరలేదు. ఒంటరిగా ఉన్న వృద్ధులెవరో, ఎవరు ఏ తేదీన ఆసుపత్రికి వెళ్ళాలో గ్రామ సచివాలయంలో ఒక పట్టిక ఉంటే చాలు. ఒక ఊరి వృద్ధులందరికీ ఆసుపత్రి ఒకే రోజున సమయం ఇస్తే ఒకే వాహనం సరిపోతుంది. పదిమందికి పది ఆటోలు అవసరం లేదు. మండలానికి ఒక వాహనంతో ఆరంభించవచ్చు. మందులు మాత్రమే కావలసిన వారికి వాటిని ఇంటికే చేర్చవచ్చు. వాహనంతో పాటు తోడు కూడా ముఖ్యమే. చీటీ ఎక్కడ రాయించాలో, వైద్యుడు చెప్పిన మాట ఏమిటో తెలుసుకోవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. చరకసంహిత చెప్పిన పరిచారకుడు ఇతడే.

ఉచిత వాహనం దుర్వినియోగం అవుతుందని కొందరు శంకిస్తారు. వైద్యుడిచ్చిన తేదీ ఆధారంగానే వాహనం పంపితే ఆ భయానికి తావు తక్కువ. ఖర్చు మాటకు వస్తే, వాహనానికి డీజిలు కావలసిందే, నడిపేవానికి జీతం ఇవ్వవలసిందే. కాని పక్షవాతంతో మంచం పట్టిన మనిషికి చేసే ఖర్చును రెండో పళ్ళెంలో పెట్టి తూచిన తరువాతనే ఏది ఎక్కువో నిర్ణయించాలి.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్ళు పైబడినవారు పది కోట్లు దాటారు. నేడు కళాశాలలో చదువుతున్న విద్యార్థులు ఉద్యోగాల కోసం రేపు దూరదేశాలకు వెళ్తారు. వారి తల్లిదండ్రులు ఊళ్ళో మిగులుతారు. కనుక ఇది ఎవరో ముసలివారి సమస్య కాదు. ప్రభుత్వం వాహనం ఏర్పాటు చేసేలోగా యువత చేయదగినది ఒకటుంది. వృద్ధులు అడిగేదాకా ఆగకుండా, "అవ్వా, ఈ నెల ఆసుపత్రికి ఎప్పుడు పోవాల?" అని తామే ముందుగా అడగడం. వృద్ధులు నోరు తెరిచి అడగవలసిన సహాయం వారిని చిన్నబుచ్చుతుంది. అడగకుండా వచ్చిన సహాయం వారి గౌరవాన్ని నిలుపుతుంది. చికిత్సకు ఐదవ పాదం వాహనమైతే, ఆ పాదాన్ని కదిలించేది ఈ ఒక్క ప్రశ్నే.