జాబితాకెక్కని మొక్కులు

1942 మే 4 తెల్లవారుజామున జర్మన్ విమానాలు ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరం మీద బాంబులు కురిపించాయి. అంతకు ఐదు వారాల ముందు బ్రిటిష్ విమానాలు జర్మనీలోని ల్యూబెక్ పాత పట్టణాన్ని, అక్కడి చర్చిలతో సహా, తగలబెట్టాయి. దానికిది ప్రతీకారం. చరిత్రకూ అందానికీ పేరున్న ఊళ్ళనే ఎంచుకుని కొట్టారు కనుక, బేడెకర్ అనే యాత్రాదర్శిని పేరే ఆ దాడులకు స్థిరపడింది.

నగరంలో 150 మందికి పైగా చనిపోయారు. ఒక బాంబు ఊరి ప్రధాన చర్చి అయిన కెథెడ్రల్ దక్షిణ భాగంలో పడి సెయింట్ జేమ్స్ చాపెల్‌నూ, దాని పైనున్న దస్తావేజుల గదినీ కూల్చేసింది. గోడకు బయటినుంచి ఊతమిచ్చే రాతి కమానులు రెండు పోయాయి. అయినా దాదాపు 96 మీటర్ల పొడవున సాగే మధ్యయుగపు రాతి కప్పు నిలిచింది.

కెథెడ్రల్ పెద్దలు ముందే జాగ్రత్తపడ్డారు. 14వ శతాబ్దంలో ఓక్ కలపతో చెక్కిన బిషప్ సింహాసనాన్ని విడదీసి, తూర్పు కిటికీ రంగుటద్దాలను ఊడదీసి, వేరేచోట దాచారు. రెండూ దక్కాయి.

ఎవరూ దాచనిదొకటి 1943లో, దెబ్బతిన్న చోట్లను చక్కదిద్దుతుండగా దొరికింది. బిషప్ ఎడ్మండ్ లేసీ సమాధికి ఎగువన, రాతి తెర మీద, మైనపు బొమ్మల ముక్కలు! కాళ్ళు, చేతులు, పశువుల అవయవాలు, ప్రార్థిస్తున్న ఒక స్త్రీ. లేసీ 1455లో మరణించాక, ఆయన మహిమతో జబ్బులు నయమవుతాయని నమ్మిన జనం తెచ్చి సమర్పించినవవి. హుండీలో వెండి కళ్ళు వేసే మనకు వాటి అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. 16వ శతాబ్దపు మత సంస్కరణలు అలాంటి మొక్కులను మూఢనమ్మకాలని తుడిచిపెట్టాయి. ఇంగ్లండులో ఇలాంటివి మిగలడం అత్యంత అరుదు.

ఇందుకు బాంబుకు కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. అది కూల్చినదాని విలువ దొరికినదానితో తీరదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మనం కాపాడేది మనకు విలువ తెలిసినదాన్నే. సింహాసనం ఎవరికోసం చేశారో తెలుసు. మైనపు కాలు తెచ్చినవాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కట్టడం మాత్రం ఇద్దరిదీ. అందుకే ఏ ప్రాచీన కట్టడాన్నైనా బాగుచేయడానికి దిగేవారు శిల్పాలను లెక్కపెట్టి ఊరుకోకూడదు. బయట పారబోసే మట్టినీ ముందు జల్లెడ పట్టాలి.