శస్త్రచికిత్స టోపీ ఎవరి ఖర్చు?

రైల్వే ఆసుపత్రులలో ఆపరేషన్ గదులలో పనిచేయు మన సోదరీమణులు కొందరు తమ తలటోపీలను ఇంటివద్ద తామే కుట్టుకొనుచున్నారు. ఇది సేవాభావమని మెచ్చుకొనువారు ఉన్నారు. నిబంధనలకు విరుద్ధమని కోపగించువారూ ఉన్నారు. ఈ రెండు పక్షములూ అసలు విషయమును దాటవేయుచున్నవని మా అభిప్రాయము.

ముందు టోపీ సంగతి చూతము. వెంట్రుకలు, చర్మపు పొలుసులు, వానితో పాటు స్టాఫిలోకోకస్ వంటి సూక్ష్మజీవులు తెరచిన గాయములో రాలకుండ ఆపుట దాని పని. అందుకు దట్టమైన నేత కావలెను. పాప్లిన్ సరిపోవును, మల్లుగుడ్డ పనికిరాదు. గుడ్డను కత్తిరింపక ముందే వేడినీట ఉతికి ఆరవేయవలెను. లేకున్న మొదటి ఉతుకుకే టోపీ కుంచించుకొనిపోయి నడినెత్తిన నిలుచును. తల చుట్టుకొలతకు పట్టీ కత్తిరించి, నెత్తిముక్కను చిన్న కుచ్చులతో దానికి అతికి, వెనుక నాడాలు పెట్టుదురు. అంచులన్నీ లోనికి మడచి కుట్టవలెను. ఊడిన దారపు పోగైనను గాయమున పడరాదు. నుదుటివైపు లోపల తువాలు ముక్క వేసిన చెమట కన్నులలోనికి జారదు. చెవుల పైన చెరియొక గుండీ కుట్టిన మాస్కు రబ్బరును దానికి తగిలించవచ్చును. 2020లో గంటల తరబడి మాస్కు ధరించి చెవుల వెనుక పుండ్లు పడినవారిని అడిగిన ఆ గుండీల విలువ చెప్పుదురు.

గుడ్డటోపీని చులకన చేయ పనిలేదు. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వాడి పారవేసెడి ఉబ్బుటోపీలు ధరించినప్పటికన్న గుడ్డటోపీలు ధరించినప్పుడే సూక్ష్మజీవులు తక్కువగా రాలినట్లు తేలినది.

చిక్కు ఉతుకు దగ్గర వచ్చుచున్నది. ఆసుపత్రి బట్టలను 71 డిగ్రీల వేడినీట 25 నిమిషములు ఉతుకవలెనని చాలకాలముగా చెప్పుచున్న ప్రమాణము. క్వార్టర్సులో బకెట్టు నీటితో, పిల్లల బడిచొక్కాల ప్రక్కన ఉతికెడి టోపీకి ఆ వేడి ఎక్కడిది? రోగి రక్తపు మరకను ఇంటికి మోసుకొనిపోవుట ఏ ఉద్యోగ నియమములో ఉన్నది?

భత్యము ఇచ్చుచున్నాము గదా యని యాజమాన్యము అనవచ్చును. 2017 జూలై నుండి దుస్తుల భత్యము ట్రాక్‌మన్లకు, ఎం.టి.ఎస్. ఉద్యోగులకు ఏడాదికి 5,000 రూపాయలు, నర్సింగు సిబ్బందికి నెలకు 1,800 రూపాయలుగా నిర్ణయించినారు. కరువుభత్యము 50 శాతము పెరిగినప్పుడెల్ల 25 శాతము హెచ్చించుటకు ఏర్పాటు ఉన్నది. విడిగా ఉండిన ఉతుకు భత్యము ఇందులోనే కలిసిపోయినది. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలికి ఈ భత్యమూ లేదు. ఆపరేషన్ గది నేల తుడుచునది ఆమెయే.

మన కార్మికులకు కుట్టుట రాదా? 2020 ఏప్రిల్‌లో జగాధ్రి రైల్వే వర్క్‌షాపున కుట్టిన రక్షణ దుస్తుల నమూనాలను డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల పరీక్షించి ఆమోదించినది. అక్కడ గుడ్డ రైల్వేది, మిషను రైల్వేది, పనివేళకు జీతము ఉన్నది, ఆపైన పరీక్ష. ఇంట కుట్టిన టోపీకి ఈ నాలుగింటిలో ఒక్కటియు లేదు.

తపాలా సోదరులకు ఇది పరుల గొడవగా తోచవచ్చును. ఉత్తరాల సంచి చిరిగినప్పుడు ఇంటి సూదిదారముతో అతుకు వేసుకొన్నవారు మీలో ఎందరు లేరు?

ఇష్టపడి కుట్టుకొనువారిని ఆపవలెనని మేము కోరుట లేదు. పూలగుడ్డ టోపీని చూచి బల్లమీది పిల్లవాడు ఏడుపు మానిన, అదియు మంచిదే. గుడ్డ మాత్రము ఆసుపత్రి స్టోరు నుండి రావలెను. కుట్టుకూలి చెల్లింపవలెను. పని ముగియగనే వాడిన టోపీ ఆసుపత్రి లాండ్రీ సంచిలో పడవలెను. కాంట్రాక్టు కార్మికులకు కూడ ఇదే వర్తింపవలెను. ఆసుపత్రి శాఖలు తమ వద్ద టోపీలు ఎవరు కొనుచున్నారో, ఎక్కడ ఉతుకుచున్నారో వివరములు సేకరించి, రాబోవు పి.ఎన్.ఎం. సమావేశమునకు అంశముగా పంపవలెనని కోరుచున్నాము.