గోడకు బూజు: పైన రంగు కొడితే పోదు

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబర్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. సూడాన్ నుంచి వెళ్లిన కుటుంబం వాళ్లది. అద్దె ఫ్లాట్ గోడలకు పట్టిన బూజే ఆ పసివాడి ఊపిరి తీసిందని 2022 నవంబర్‌లో విచారణలో తేలింది. 2017లోనే తండ్రి ఫిర్యాదు చేస్తే, పైన రంగు వేసుకోమన్నారు.

చివరికి ఆ బాబు పేరుతోనే చట్టం వచ్చింది. 2025 అక్టోబర్ 27 నుంచి అక్కడి సోషల్ హౌసింగ్ ఇళ్లలో ప్రమాదకరమైన చెమ్మ, బూజుపై ఫిర్యాదు అందితే 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి. ముప్పు ఉందని తేలితే మరో 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అత్యవసరమైతే 24 గంటలే గడువు.

మరి మన దగ్గర? 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీ కాలనీలు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాయి. నీళ్లు తీశాయి, కెమెరాలు వెళ్లిపోయాయి. గోడల్లో చెమ్మ మాత్రం అంత తొందరగా పోదు. గట్టిగా అడిగితే ఓనర్ ఖాళీ చేయమంటాడని అద్దెకుండేవాళ్ల భయం. రంజాన్ దగ్గర పడితే మనమే సొంత డబ్బుతో బూజు మీద రంగు కొట్టిస్తాం. కొన్నాళ్లకు మళ్లీ అదే నల్ల మచ్చ. అవాబ్ తండ్రికి ఆ మాట ఇంకొకరు చెప్పారు, మనకు మనమే చెప్పుకుంటున్నాం.

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. పైపు లీకేజీనా, స్లాబా? అది ఆగకపోతే ఎంత కడిగినా దండగే. మచ్చ మూడడుగుల పొడవు, వెడల్పు లోపు ఉంటే మనమే శుభ్రం చేసుకోవచ్చు. పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లని ఆ గదిలోకి రానివ్వొద్దు. ఎన్-95 మాస్కు, రబ్బరు గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరవండి. పొడి చీపురుతో దులపకండి, బూజు గాల్లోకి లేచి ఇల్లంతా పాకుతుంది. సర్ఫు నీళ్లతో తడిపి రుద్ది, తుడిచి, బాగా ఆరనివ్వండి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ అస్సలు కలపొద్దు, విషవాయువు పుడుతుంది. బూజు పట్టిన పరుపుల్ని పారేయడమే మేలు.

ఇక ఓనర్ సంగతి. మచ్చ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, తేదీతో సహా రికార్డు ఉంటుంది. ఒక్కరే అడగలేకపోతే బిల్డింగ్‌లోని నాలుగు కుటుంబాలూ కలిసి వెళ్లండి. అడగడం గొడవ కాదు. రాత్రంతా దగ్గే బిడ్డ తరఫున మనం కాకపోతే ఎవరు అడుగుతారు?