వేలముపాటలో పూర్వుల సొత్తు

గోలకొండ గనులందు పుట్టి, నిజాము వంశమువారి భాండాగారమున వెలసిన గులాబివన్నె వజ్రము 'ప్రిన్సీ' 1960లో లండనునందు వేలమున కెక్కినది. 34.65 క్యారట్ల తూకముగల యా రత్నమే 2013 ఏప్రిలున న్యూయార్కులో క్రిస్టీసువారి పాటలో సుమారు 3 కోట్ల 93 లక్షల డాలర్లకు పోయినది. ఆ వార్త చదివి నిట్టూర్చినవా రనేకులు.

ఆ నిట్టూర్పు సగము వ్యర్థమని మా యభిప్రాయము. వజ్రమునకు పేరున్నది, తూకమున్నది, చేతులు మారిన చరిత్రయున్నది. అది యెచ్చటి కేగినను గుర్తింపవచ్చును. నల్లమల యంచున నున్న బల్మూరు వంటి గ్రామముల యిండ్లలోని తాటాకు ప్రతులకు, ఇత్తడి దీపపు సెమ్మెలకు, హాలీ రూపాయలకు ఏ గుర్తు గలదు? పాతసామానుల బేరగాడు వానిని తూకమునకు కొనిపోయిన మరునాడే అవి యే యూరివో, ఎవరివో చెప్పువారుండరు.

నూరేండ్లు నిండిన కళావస్తువులను, 75 ఏండ్లు నిండిన విలువగల వ్రాతప్రతులను ప్రైవేటువారు విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము శాసించినది. కాని యెచ్చట నేమున్నదో వ్రాసియుంచని యెడల చట్టము దేనిని కాపాడగలదు? ప్రకాశం జిల్లా చందవరపు బౌద్ధశిల్పము 2016లో ఆస్ట్రేలియానుండి మరలివచ్చుటకు, అది మన దేశమున నుండినప్పటి ఛాయాచిత్రము సాక్ష్యమైనది గదా!

కావున పఠనమందిరములవారు తమ గ్రామపు ప్రాతవస్తువుల పట్టికను, చిత్రములతో సహా, నేడే యారంభింపవలయును. అమ్మకమును నిషేధింపుడని మేము కోరము. బీదవాని యక్కర మే మెరుగుదుము. అమ్ముకొనువాడు తా నేమి యమ్ముచున్నాడో యెరిగి యమ్మవలెననియే మా ప్రార్థన.