ఉత్తర ఇటలీకి రైలు చాలదా?

వేసవి దగ్గరపడుతోందంటే చాలు, ఐరోపాలో ఉన్న మనవాళ్లూ, అక్కడికి వెళ్లబోయే మనవాళ్లూ ఒకే ప్రణాళికను వల్లిస్తుంటారు. మిలాన్‌లో విమానం దిగడం, అక్కడే కారు అద్దెకు తీసుకోవడం, ఏడు రోజుల్లో కోమో సరస్సు, వెరోనా, వెనిస్, బొలోన్యా, వీలైతే డోలోమైట్ పర్వతాలూ చుట్టబెట్టడం. కారెందుకయ్యా అంటే అందరి నోటా ఒకటే మాట: స్వేచ్ఛ కోసం. ఆ మాటతోనే నా పేచీ.

ముందు పటం చూడండి. పో నదీ మైదానం మీద మిలాన్, బ్రెషా, వెరోనా, విచెంజా, పాదువా, వెనిస్ ఒకే రైలుదారిలో వరుసగా ఉన్నాయి. ఆ దారి 1857 నాటికే పూర్తయింది. వెనిస్‌ను నేలతో కలిపే రైలువంతెన అంతకుముందే, 1846లో వచ్చింది. దాని పక్కన కార్ల వంతెన 1933లో గానీ రాలేదు. వచ్చినా ఏం లాభం? వంతెన దాటిన కారు పియాజాలే రోమా దగ్గర ఆగిపోవలసిందే. అక్కడ గ్యారేజీకి రోజుకింతని కప్పం కట్టి, ఆపైన నడకో, పడవో. రైలు దిగినవాడికి స్టేషను మెట్ల ముందే గ్రాండ్ కెనాల్ కనబడుతుంది. ఇద్దరిలో స్వేచ్ఛ ఎవరిది?

ఇటలీవాళ్లకు కార్లంటే గిట్టదని అనుకోకండి. ఫియట్ పుట్టింది ట్యూరిన్‌లో. ఫెరారీ, లంబోర్గినీల పుట్టిళ్లు మోదెనా, బొలోన్యాల చుట్టుపక్కలే. మోటారు బండ్ల కోసమే వేసిన తొలి రహదారిగా పేరొందినది, 1924లో మిలాన్ నుంచి సరస్సుల వైపు వేసినదే. కార్లంటే అంత మోజున్న జాతే తన పాత నగరాల నడిబొడ్డులోకి కార్లు రాకుండా కట్టడి చేసుకుంది. జెడ్‌టీఎల్ అన్న పలక కనిపించిన చోట, అనుమతి లేని బండి లోపలికి పోరాదు. పోలీసు ఆపడు, ఈల వెయ్యడు. కెమెరా నంబరు రాసుకుంటుంది. మీరు ఇంటికి చేరి, ఫోటోలన్నీ చుట్టాలకు చూపించి, ప్రయాణాన్ని మరిచిపోయిన కొన్ని నెలలకు జరిమానా కాగితం వస్తుంది. మీ చిరునామా అధికారులకు అందించిన పుణ్యానికి అద్దెకారు సంస్థ అంతకుముందే తన రుసుము వేరుగా కోసుకుంటుంది.

సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. కారు నడిపే మనిషి మాటేమిటి? మన కుటుంబాల్లో ఆ బాధ్యత సాధారణంగా ఒక్కరి మీదే పడుతుంది. ఏడాదంతా ఎదురుచూసిన సెలవులో ఆయన చూసేది ముందున్న లారీ వీపు. కురుక్షేత్రంలో సారథికి కనీసం గీత చెప్పే అవకాశమైనా దక్కింది. ఈ సారథికి తనకే దారి చెప్పే యంత్రం గొంతు వినడమే మిగులుతుంది.

తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అన్నారని చెప్పుకుని మురిసిపోతాం కదా, ఆ పోలికను చెవులారా వినాలంటే పాసింజరు రైలెక్కాలి. బ్రెషా, దెసెంజానో, పెస్కియేరా, వెరోనా: పిలిచే ప్రతి స్టేషను పేరూ అజంతమే. ఈలోగా కిటికీలో గార్దా సరస్సు తళుక్కుమంటుంది. కారులో అద్దాలు బిగించుకుని మన పాటలు మనమే వింటూ పోయేవాళ్లకు ఈ భాగ్యం లేదు.

పెద్దవాళ్లున్నారు, సామానుంది అంటారు. న్యాయమైన అభ్యంతరమే. దానికి మందు కారు కాదు, మజిలీలు తగ్గించుకోవడం. వెరోనాలో మూడు రాత్రులు, వెనిస్‌లో రెండు, బొలోన్యాలో రెండు. సామాను మొయ్యవలసింది ఊరు మారే రోజునే. మిగతా రోజుల్లో చేతిసంచితో పాదువా, విచెంజా, రవెన్నా చూసి రాత్రికి గూటికి చేరవచ్చు. లోకల్ రైళ్ల టిక్కెట్టు ధర ఎప్పుడు కొన్నా ఒకటే. కాగితపు టిక్కెట్టును ఎక్కేముందు స్టేషనులోని యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకూడదు. వేగరైళ్లకు ముందుగా కొంటే చవక. పాదువాలో జోత్తో కుడ్యచిత్రాలున్న స్క్రోవెన్యీ ప్రార్థనామందిరానికి ఎలాగూ ముందే సమయం ఖాయం చేసుకోవాలి. అక్కడ మీ కారు స్వేచ్ఛను లెక్కచేసేవాళ్లు లేరు. ఆగస్టు 15న ఫెర్రగోస్తో పండుగ. ఆ రోజుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి. రైల్వే సమ్మెలూ ఉంటాయి, నిజమే. కానీ వాటిని ముందుగా ప్రకటిస్తారు. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు తప్పనిసరిగా నడిపే లోకల్ రైళ్లుంటాయి.

డోలోమైట్ కనుమల్లోనో, లాంగే ద్రాక్షతోటల పల్లెల్లోనో కారు పనికొస్తుందని ఒప్పుకుంటాను. అయితే అది వేరే ప్రయాణం. బోల్జానో దాకా రైల్లో వెళ్లి, అక్కడ రెండు రోజులకు కారు తీసుకోండి. దాన్ని ఈ వారంలోనే ఇరికించాలన్న ఆత్రమే మనకు కారు తాళాలు అందిస్తోంది.

ఆ ఆత్రం ఊళ్లకూ చేటు చేస్తోంది. పొద్దున వచ్చి, ఫోటో తీసుకుని, సాయంత్రానికి మాయమయ్యేవారి తాకిడికి విసిగిన వెనిస్, 2024లో కొన్ని రోజుల్లో అలాంటి సందర్శకుల నుంచి ప్రవేశ రుసుము వసూలు మొదలుపెట్టింది. రాత్రి అక్కడే బసచేసేవారికి ఆ రుసుము లేదు. అందుకే ఆ ఊళ్లో రెండు రాత్రులన్నాను.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీకీ ఆగుతూ పదిహేను నెలలకు పైగా తిరిగాడు. ఏ ఊళ్లో నీళ్లు మంచివో, ఏ దారి ఎలాంటిదో రాయగలిగాడంటే, ఆగాడు గనుకే. మనకు పదిహేను నెలలు లేవు, ఏడు రోజులే ఉన్నాయి. వాటిలో కోమోను వదిలేద్దాం, డోలోమైట్లను మరో ఏటికి దాచుకుందాం, కారు నడిపే ఆ ఒక్క మనిషినీ కిటికీ పక్కన కూర్చోనిద్దాం.